సగం అచ్చు

మా బాబాయిని చెక్కపని షెడ్డులో అందరూ ‘మూలమట్టం’ అంటారు. చట్రం మూలలు సరిగ్గా కుదిరాయో లేదో చూసుకోవడానికి వడ్రంగులు వాడే పనిముట్టు అది. ఆ పేరు ఎవరు పెట్టారో గానీ వాళ్ళకి చేతులెత్తి దణ్ణం పెట్టాలి. ఎవరింటికి వెళ్ళినా ఈయన కళ్ళు ముందు గోడలమీదికి పోతాయి. ఏ పటమైనా ఒక పక్కకి వాలి ఉందా, ఇక కూర్చోమన్నా కూర్చోడు. దాన్ని సరిచేసి, వెనక్కి జరిగి ఒక కన్ను మూసి చూసుకుని, అప్పుడు “బాగున్నారా” అంటాడు.

ఆస్పత్రిలో డాక్టరుగారు పిన్ని జబ్బు గురించి చెబుతున్నప్పుడు కూడా అంతే. వింటూనే చెయ్యి చాచి, బల్లమీద ఏటవాలుగా ఉన్న క్యాలెండరుని అంచుకి సమంగా జరిపాడు. డాక్టరుగారు మాట మధ్యలో ఆగిపోయారు. పక్కన కూర్చున్న నాకు తల కొట్టేసినట్టయింది. బయటికొచ్చాక కడిగేద్దామని నోరు తెరిచాను కూడా. ఆయన మొహం చూసి మూసుకున్నాను. ఆ గదిలో ఆయనకి చేతనైంది అదొక్కటే మరి.

బాబాయి తలుపులూ కిటికీలూ చేస్తాడు. మాటలు తక్కువ. ఆయన వాటా కూడా కలిపి మా పిన్నే మాట్లాడుతుంది. పిన్ని ఒకటో తరగతి టీచరు. వాళ్ళ పరిచయం కూడా ఆ బడిలోనే. తరగతి గది తలుపు బిగుసుకుపోతోందని బాబాయిని పిలిపించారట. ఒక పూటలో అయ్యే పనిని ఆయన రోజుల తరబడి సాగదీశాడట. “ఆ తలుపుకి నేను చెప్పినన్ని పాఠాలు పిల్లలకి కూడా చెప్పలేదే,” అని పిన్ని ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది. బాబాయి సమాధానం కూడా ఎప్పుడూ ఒకటే. “చెక్క పచ్చిది.” వాళ్ళకి పిల్లలు లేరు. నేను పిన్నికి అక్క కూతుర్ని. ఉద్యోగం ఈ ఊళ్ళో వచ్చిందని వాళ్ళ మేడమీది గదిలో దిగి, అక్కడే తిష్ట వేశాను.

పోయినేడు పిన్నికి ఎడమ రొమ్ములో గడ్డ తేలింది. ఆపరేషన్ చేసి రొమ్ము మొత్తం తీసేశారు. తర్వాత మందులు పడ్డాయి, జుట్టు రాలింది, మళ్ళీ మొలిచింది. ఇక భయం లేదు, సెలవుల తర్వాత బడికి కూడా వెళ్ళొచ్చు అన్నారు డాక్టరుగారు. ఎడమ చెయ్యి మాత్రం భుజం దాటి లేవదు. గోడకి వేళ్ళు ఆనించి మెల్లమెల్లగా పైకి పాకించమని నర్సు నేర్పింది. వేళ్ళు ఎక్కడిదాకా వెళ్ళాయో అక్కడ బాబాయి చెవిమీది పెన్సిలు తీసి వంటింటి గుమ్మం పక్కన గీత గీసేవాడు, పిల్లల ఎత్తు గోడమీద గీస్తారే, అలా. మొదట గీత పైకి గీత లేచింది. ఆ తర్వాత అన్నీ ఒకేచోట గుంపుగా చేరి ఆగిపోయాయి. పిన్నికే పాకించాలన్న ఉత్సాహం పోయింది.

అసలు గొడవ బట్టల దగ్గర వచ్చింది. మనిషి చిక్కిపోయింది. పాత బట్టలు వేసుకుంటే కుట్టు సరిగ్గా గాయం మచ్చమీదికి వచ్చి ఒరుసుకుంటుంది. ఎడమవైపు గుడ్డ ఖాళీ సంచిలా వేలాడుతుంది. లోపల పెట్టుకోమని ఆస్పత్రిలో ఒక మెత్త ఇచ్చారు. ఒక పూట పెట్టుకుని తిరిగి, తీసి సొరుగులో పడేసింది. “ఎవరిదో తెచ్చి నాకు తగిలించినట్టుందే,” అంది. కొత్త బట్టలు కొందామంటే గంజి పెట్టినట్టు బిరుసుగా ఉంటాయి. పైగా దుకాణంలో బట్టలు మార్చుకునే గదికి మూడువైపులా అద్దాలు. ఒకసారి లోపలికి వెళ్ళి, తలుపు వేసినంతసేపు కూడా లేకుండా బయటికొచ్చేసింది. ఆ తర్వాత ఏ దుకాణం గడపా తొక్కలేదు.

“పెద్దవాళ్ళయితే చూసీ చూడనట్టు ఊరుకుంటారు. ఒకటో తరగతి పిల్లలు ఊరుకుంటారటే? మీదపడి చొక్కా పట్టుకు లాగుతారు. ‘టీచర్, ఇక్కడేమైంది’ అని అందరిముందూ అడుగుతారు. నేనేం చెప్పను?” అంది ఒకరోజు. మళ్ళీ తనే, “ఒంటికి సరిపడే బట్ట ఒక్కటి దొరికితే వెళ్తాను. లేకపోతే మానేస్తానని చెప్పేస్తాను,” అంది.

బడి లేకపోతే మా పిన్ని పిన్ని కాదు. ఇంట్లో గిన్నెలకి కూడా ఎక్కాలు నేర్పే మనిషి ఆవిడ. ఆ మాట విన్నప్పుడు బాబాయి సమంగానే ఉన్న గడియారాన్ని రెండుసార్లు సర్దాడు.

వాడిన బట్టలు ఆన్‌లైన్‌లో కొందామన్న ఆలోచన నాది. ఫోనులో ఒక యాప్ ఉంది. జనం తాము వాడేసిన బట్టలకి ఫొటోలు తీసి అందులో అమ్మకానికి పెడతారు. ఎవరో ఉతికి ఉతికి మెత్తబరిచిన గుడ్డ, మచ్చమీద ఒరుసుకోదు. దుకాణంలో అద్దాల ముందు నిలబడే పనీ లేదు. పిన్నికి ఆ ఉపాయం నచ్చింది. కొలతలు బాబాయి తీస్తానన్నాడు. అక్కడే పప్పులో కాలేశాం.

మొదటి పార్సిల్‌లో గౌను వచ్చింది. అందులో పిన్నీ నేనూ ఇద్దరం పట్టి, ఇంకొకరికి చోటుంది. అమ్మినావిడ ‘ఒక్కసారే వేసుకున్నాను’ అని రాసింది. నిజమే అయ్యుంటుంది, రెండోసారి వేసుకుంటే లోపల దారి తప్పుతానని భయపడి ఉంటుంది. ఇంత పెద్దది ఎలా వచ్చిందా అని ఆరా తీస్తే తేలిందేమిటంటే, బాబాయి చెక్కని కొలిచే ఇనప టేపుతో కొలిచి, అలవాటు ప్రకారం ప్రతి కొలతకీ వేలెడు కలిపి చెప్పాడు.

“ఎందుకు కలిపావు బాబాయ్?”

“చిత్రిక పడితే కొంత పోతుంది కదమ్మా.”

“పిన్నికి ఎవరు చిత్రిక పడతారు?”

ఆయన ఆలోచనలో పడ్డాడు. “అదీ నిజమే,” అన్నాడు చివరికి.

రెండోది ఆ కలిపిన వేళ్ళన్నీ తీసేసి తెప్పించాం. అది చిన్నపిల్ల గౌను, ఫొటో తీసినవాళ్ళు మాకు అరచేతిలో వైకుంఠం చూపించారు. ఇంకోదానికి చేతులు మోకాళ్ళదాకా ఉన్నాయి. పసుపుపచ్చ పూల చొక్కా ఒకటి వచ్చింది, అన్నీ బాగానే ఉన్నాయి గానీ ఎంత ఉతికినా ఎవరి అత్తరు వాసనో పోలేదు. “వేసుకుంటే ముక్కూమొహం తెలియనివాళ్ళింట్లో కూర్చున్నట్టుందే,” అని విప్పేసింది పిన్ని. వాపసు తీసుకోమంటే అమ్మినవాళ్ళంతా మొహం చాటేశారు.

కుర్చీమీద ఆ బట్టల గుట్ట పెరుగుతుంటే పిన్ని మొహం చిన్నబోయేది. ఇల్లు గుల్ల చేస్తున్నాననే బెంగ. అది గమనించాడు కాబోలు, ఒకరోజు బాబాయి ఆ పూల చొక్కా తొడుక్కుని పనికి బయల్దేరాడు. నేనూ పిన్నీ నోళ్ళు వెళ్ళబెట్టుకుని చూశాం. షెడ్డులో “మూలమట్టం పూత పూసిందిరోయ్!” అని ఒకటే గోలట. ఈయన ఏమీ చలించలేదు. “మెత్తగా ఉంది. జిగురు పనికి బావుంది,” అన్నాడట. మర్నాడూ అదే తొడుక్కెళ్ళాడు. పెద్ద గౌనుని తయారైన కిటికీలమీద దుమ్ము పడకుండా కప్పడానికి తీసుకెళ్ళాడు. ఏదీ వృథా పోలేదని పిన్నికి చూపించడానికే ఆ తంటాలన్నీ. ఆవిడకీ ఆ సంగతి తెలుసు. తెలిసే, వీధి మలుపు తిరిగేదాకా ఆ పూల వీపుని చూస్తూ గుమ్మంలో నిలబడేది.

అప్పుడొచ్చింది నీలం చొక్కా. మోకాళ్ళదాకా దిగే పొడుగు చొక్కా. చాలా ఏళ్ళు ఉతకగా వెలిసిన నీలం. మెడపట్టీ లోపల ఎక్కడో చిరిగితే, ఎవరో ఓపిగ్గా సన్నటి కుట్లతో కలిపి కుట్టారు. పిన్ని దాన్ని చెంపకి ఆనించుకుని చాలాసేపు అలాగే ఉంది. గదిలోకెళ్ళి తొడుక్కుని, మేం పిలవకుండానే బయటికొచ్చింది. భుజాలు కుదిరాయి, చేతులు కుదిరాయి, పొడుగు కుదిరింది. నాకు ప్రాణం లేచొచ్చింది. అప్పుడు పిన్ని కిటికీవైపు తిరిగింది. ఎడమవైపు గుడ్డ లోపలికి కుంగి, ముడతలు పడి ఉంది.

పిన్ని అక్కడ చెయ్యి పెట్టుకుంది.

“ఇదీ అంతే. బట్టలదేం తప్పు లేదే. రెండువైపులా ఒకేలా ఉన్నవాళ్ళకోసం కుడతారు. తప్పు నాది,” అంది.

ఏడుపొచ్చింది నాకు. దానికంటే ఎక్కువ కోపమొచ్చింది, ఎవరిమీద చూపించాలో తెలియని కోపం. కానీ పిన్ని ఆ చొక్కాని గుట్టలో పడేయలేదు. మడిచి మంచం పక్కన స్టూలుమీద పెట్టుకుంది. బాబాయి అది చూశాడు.

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని, చొక్కా తీసుకుని వీధి చివర టైలరమ్మ దగ్గరికి వెళ్ళాడు. పిన్ని రాననేసింది. టైలరమ్మ పాతబట్టలు సరిచేయడంలో గట్టిది, నోరు కూడా గట్టిదే. మేం చెప్పిందంతా విని చొక్కాని అటూ ఇటూ తిప్పింది.

“చేస్తాను అన్నా, ఎందుకు చెయ్యను? కానీ మనిషి రావాలి. ఎక్కడ ఎంత పట్టాలో ఒంటిమీద పెట్టి గుచ్చుకోకపోతే నాకేం తెలుస్తుంది?”

“ఆవిడ రాదు.”

“నేనే ఇంటికొస్తాను.”

బాబాయి తల అడ్డంగా ఊపాడు. పరాయి చెయ్యి పడితే పిన్ని ముడుచుకుపోతుంది. ఆస్పత్రిలో ఎన్ని చేతులు పడ్డాయో ఆ ఒంటిమీద! టైలరమ్మ వెనకాల మూలన గుడ్డ కుక్కిన బొమ్మ ఒకటుంది, తలా చేతులూ లేకుండా మెడ నుంచి నడుందాకా. కొత్త కోటేదో దానికి తొడిగి ఉంది. బొమ్మ కాస్త పక్కకి వాలింది. బాబాయి వెళ్ళి దాన్ని నిటారుగా నిలబెట్టాడు. నిలబెట్టి, చెయ్యి తీయకుండా అక్కడే ఉండిపోయాడు.

“ఇలాంటిది తెస్తే చాలా?” అన్నాడు.

“అచ్చం ఆ అమ్మాయి కొలతలతో ఉంటే చాలన్నా. కానీ అలాంటిది ఎక్కడ దొరుకుతుంది?”

బాబాయి అప్పటికే సగం వీధి దాటాడు.

ఆ సాయంత్రం కొలతలు తీశాడు. పల్చటి బనీనుమీద కొలవడానికి పిన్ని ఒప్పుకుంది. ఇనప టేపు చల్లగా తగులుతుందని బాబాయి ముందు దాన్ని చంకలో పెట్టుకుని నిలబడ్డాడు.

“టేపుకి జ్వరమొచ్చిందేమిటండీ, చంకలో పెట్టారు?” అంది పిన్ని.

ఆయన టేపుని చెంపకి ఆనించి చూసుకున్నాడు, వెచ్చబడిందని నమ్మకం కలిగాకే కొలవడం మొదలుపెట్టాడు. మెడ కొలిచాడు. కుడి భుజం, కుడి రొమ్ము, నడుము కొలిచాడు. టేపు ఎడమవైపు వచ్చేసరికి పిన్ని చెయ్యి అడ్డం పెట్టింది.

“అటు వద్దండీ.”

“సరే,” అన్నాడు బాబాయి. టేపు చుట్టేసుకున్నాడు.

షెడ్డులో తలుపులు చేయగా మిగిలిన ముక్కలన్నీ ఏరి, ఒకదాన్నొకటి జిగురుతో అతికించి దిమ్మె చేశాడు. రోజూ అందరికంటే ముందే వెళ్ళి దాన్ని చెక్కుకునేవాడు. ఆయనకి తెలిసిన పద్ధతి ఒకటే. తలుపుమీద నగిషీ అయినా, కుర్చీ వీపయినా, సగానికి అట్టముక్కమీద అచ్చు తీసుకుంటారు. దాన్నే తిరగేసి రెండో సగం గీస్తారు. అప్పుడే రెండు వైపులూ తేడా లేకుండా వస్తాయి. పిన్ని ఇచ్చిన సగం కొలతలతో ఆయన సగం అచ్చు తీశాడు. తీసి, తిరగేశాడు.

బొమ్మని ఇంటికి తెచ్చి ముందుగదిలో పెట్టి, పైన కప్పిన గుడ్డ తీశాడు. ఎన్ని రకాల చెక్కలో, ఎర్రవి, లేతవి, నల్లచారలవి, అన్నీ కలిసిపోయి నున్నగా మెరుస్తున్నాయి. భుజాలు చూడగానే ఇది పిన్ని అనిపించింది. మా పిన్ని మెడ కొంచెం ముందుకి వంగి ఉంటుంది, పిల్లల పలకల్లోకి తొంగిచూసీ చూసీ. ఆ వంపు కూడా వచ్చింది. నేను “అబ్బ!” అన్నాను.

పిన్ని బొమ్మ చుట్టూ తిరిగి ఎదురుగా వచ్చి నిలబడింది.

“ఎవరండీ ఈవిడ?” అంది.

“నువ్వే.”

“నేను కాదు. నేను ఒకప్పుడు ఇలా ఉండేదాన్ని.”

బాబాయి చేతిలోని గుడ్డని అంచులు కలిపి మడిచాడు. “సగం అచ్చు తీసి తిరగేశాను. అలవాటు,” అన్నాడు ఎలాగో.

“అలవాటా? ఇలా ఉంటే బాగుండునని చేశారా?”

పిన్ని గదిలోకెళ్ళి తలుపు వేసుకుంది. గట్టిగా కూడా వేసుకోలేదు, అదే నాకు ఎక్కువ బాధనిపించింది. ఆయన చెప్పింది అబద్ధం కాదు. అలా అని మొత్తం నిజమూ కాదని నా నమ్మకం. ఇంట్లో ఏది వంకరగా ఉన్నా ఓర్చుకోలేని మనిషి, ఒక్క దాన్నైనా మునుపటిలా సరిచేద్దామనుకున్నాడేమో. ఆమాట అడిగేంత ధైర్యం నాకు లేకపోయింది.

తర్వాత ఇంట్లో మాటలు కరువయ్యాయి. బొమ్మ ముందుగదిలో అలాగే ఉంది. దాన్ని తీయమని పిన్ని అనలేదు, తీయడానికి బాబాయికి చేతులు రాలేదు. చివరికి ఆయనే దాన్ని గోడవైపు తిప్పి, పనికి వెళ్ళిపోయాడు. మాట్లాడే పిన్నీ మాట్లాడక, మాట్లాడని బాబాయీ మాట్లాడక, నేనొక్కదాన్నే రేడియోలా వాగుతూ ఉండేదాన్ని.

అప్పుడు బడి నుంచి హెడ్‌మిస్ట్రెస్ ఫోను చేశారు. సెలవులు అయిపోవస్తున్నాయి, వస్తున్నారా లేదా అని. రాకపోతే ఆ తరగతికి వేరే ఎవరినైనా చూసుకోవాలి కదా. “రేపు చెబుతానండీ,” అంది పిన్ని. ఫోను పెట్టేసి, గోడవైపు తిరిగి ఉన్న బొమ్మ దగ్గరికి వెళ్ళింది. దాని వీపుమీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడింది. మెడ వంపు దగ్గర బాబాయి గరుకు కాగితంతో ఎంత రుద్దాడో, అక్కడ చెక్క చెక్కలా లేదు.

“పట్టవే, మోద్దాం,” అంది నాతో.

“ఎక్కడికి?”

“షెడ్డుకి.”

ఆరోజు షెడ్డుకి సెలవు. అయినా బాబాయి ఏదో పని ఉందని వెళ్ళాడు. పిన్ని ఆయన చొక్కా ఒకటి తొడుక్కుని బయల్దేరింది, మోకాళ్ళదాకా జారుతున్నా లెక్కచేయలేదు. ఆస్పత్రికి కాకుండా ఆవిడ వీధిలోకి అడుగు పెట్టడం ఎన్నాళ్ళకో! బొమ్మ బరువంతా నాదే. దారిలో ఆగి ఆగి, దాన్ని చంటిపిల్లలా చంకనేసుకుని మోశాను. జనం చూసిన చూపులు నేను చచ్చినా మర్చిపోను.

షెడ్డులో బాబాయి పూల చొక్కాలో, చెక్కపొట్టు మధ్యన, ఏ పనీ చేయకుండా కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి గబుక్కున లేచాడు.

“సగమే కొలిచారుగా. రెండో సగం కొలవండి,” అంది పిన్ని.

“నువ్వు వద్దన్నావుగా.”

“అన్నాను. ఇప్పుడు కొలవమంటున్నాను.” నావైపు తిరిగి, “నువ్వు తలుపు దగ్గర నిలబడవే, ఎవరూ రాకుండా,” అంది.

తలుపు దగ్గరగా వేసి, వాళ్ళకి వీపు పెట్టి నిలబడ్డాను. టేపు బయటికి లాగిన చప్పుడు వినిపించింది. తర్వాత చాలాసేపు ఏమీ వినిపించలేదు. వెచ్చబెడుతున్నాడన్నమాట.

“చేతులు వణుకుతున్నాయేమండీ?”

“లేదు.”

“టేపు గలగలమంటోంది. నాకు వినిపించదా?”

ఆ తర్వాత ఒక్కో కొలతా తనలో తను చదువుకుంటున్న బాబాయి గొంతు. పెన్సిలు అట్టమీద గీసుకున్న చప్పుడు. “ఇక్కడ?” అంటాడు. “ఊఁ,” అంటుంది. నేను తలుపు చెక్కలో ఉన్న గీతలు చూస్తూ ముక్కు తుడుచుకున్నాను.

“ఇటు తిరగవే, అయిపోయింది,” అంది పిన్ని, చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

బొమ్మని బల్లమీద వెల్లకిలా పడుకోబెట్టి బిగించారు. ఎడమవైపు ఎంత తీయాలో బాబాయి పెన్సిలుతో గుర్తు పెట్టాడు. ఉలి పట్టుకున్నాడు. పెట్టాడు, తీశాడు. మళ్ళీ పెట్టాడు. ఎన్ని మానులు కోశాడో లెక్కలేని మనిషి.

“నావల్ల కాదే,” అన్నాడు.

పిన్ని ఆయన పక్కకి వెళ్ళి, ఆయన చేతిమీద తన చెయ్యి వేసింది. ఇద్దరూ కలిసి మొదటి పెచ్చు లేపారు. అది కిందపడింది. బాబాయి ఉలి ఆపేసి, “నొప్పిగా ఉందా?” అన్నాడు.

“చెక్కకా, నాకా?” అంది పిన్ని.

బాబాయి ఉలిక్కిపడి చూశాడు. ఎవరిని అడిగాడో ఆయనకే తెలియలేదు. పిన్ని నవ్వింది. జబ్బు చేశాక ఆవిడ అంత గట్టిగా నవ్వడం నేను వినలేదు. ఆయన మాత్రం నవ్వలేదు.

“ఆపరేషన్ రోజు నిన్ను లోపలికి తీసుకెళ్ళి తలుపేసేశారుగా. అడగడానికి కుదర్లేదు,” అన్నాడు.

పిన్ని నవ్వు ఆగిపోయింది. బాబాయి పూల చొక్కా చేతితో కళ్ళు తుడుచుకున్నాడు, రెండు చేతులతో ఒకదాని తర్వాత ఒకటి. “అప్పుడు తెలియలేదండీ. తర్వాత ఉంది. ఇప్పుడు లేదు,” అంది పిన్ని. ఆయన తలూపి, మళ్ళీ ఉలి అందుకున్నాడు. ఈసారి ఆగలేదు.

పెచ్చులయ్యాక చిత్రిక పట్టాడు. పొట్టు చుట్టలు చుట్టలుగా లేచి పిన్ని ఒళ్ళో పడింది. చదునైన చోట, లోపల రెండు చెక్కలు అతికిన గీత ఏటవాలుగా బయటపడింది. బాబాయి దానిమీద వేలు పెట్టి, “ఇక్కడ మైనం పెట్టి కనబడకుండా చేస్తాలే,” అన్నాడు.

పిన్ని తన వేలుతో ఆ గీతని ఈ చివర నుంచి ఆ చివరికి తడిమింది. “ఉండనివ్వండి,” అంది.

టైలరమ్మ బొమ్మని చూసి ఈసారి నోరు పెంచలేదు. “అమ్మాయి వచ్చేసినట్టే,” అని మాత్రం అంది. నీలం చొక్కా దానికి తొడిగి, ఎడమవైపు విప్పి, ఎక్కువైన గుడ్డ తీసి, చదునుగా వాలేలా కుట్టింది. తీసిన గుడ్డతో అటువైపే ఒక జేబు వేసింది. “టీచరమ్మ కదా, సుద్దముక్కలు పెట్టుకుంటుంది,” అంది. పిన్ని అది తొడుక్కుని కిటికీ ముందు నిలబడింది. ఎక్కడా కుంగలేదు, ఎక్కడా లాగలేదు. అటు తిరిగి, ఇటు తిరిగి, జేబులో చెయ్యి పెట్టుకుని చూసుకుంది. హెడ్‌మిస్ట్రెస్‌కి ఫోను చేసి, “వస్తున్నానండీ,” అంది.

బడి తెరిచిన రోజు బాబాయి మధ్యాహ్నానికే ఇంటికొచ్చేశాడు. నేనూ పర్మిషన్ పెట్టి వచ్చాను. ఇంట్లో పటాలన్నీ సమంగానే ఉన్నాయి, పాపం ఆయనకి పనే దొరకలేదు. సాయంత్రం పిన్ని చెప్పులు విప్పకుండానే మొదలుపెట్టింది.

“అడిగారండీ! ప్రార్థన అయ్యీ కాకముందే అడిగేసింది ఒకత్తి. ముందుపళ్ళు రెండూ లేవు దానికి. ‘టీచర్, ఇటువైపు లేదేం?’ అంది.”

బాబాయి గుమ్మం పట్టుకున్నాడు. “ఏం చెప్పావు?”

“జబ్బు చేసింది, డాక్టర్లు తీసేశారు అన్నాను. ‘మళ్ళీ వస్తుందా, పన్నులాగ?’ అంది. రాదమ్మా అన్నాను. అది కాసేపు ఆలోచించి, ‘సరే’ అంది. అనేసి, రాలిన పన్ను ఒకటి కాగితంలో చుట్టి తెచ్చుకుందిట, ఇంటికెళ్ళేదాకా దాచమని నా జేబులో వేసి పోయింది. అంతేనండీ! ఇన్నాళ్ళూ దీనికోసమా నేను చచ్చిపోయింది?”

నవ్వుతూనే ఏడ్చింది. నేను పక్కన కూర్చుని అదే పని చేశాను. బాబాయి మాత్రం ‘సరే’ అన్న ఆ పిల్ల గురించి మళ్ళీ మళ్ళీ అడిగి చెప్పించుకున్నాడు.

వారం తిరక్కుండా ఇంకో పార్సిల్ వచ్చింది. ఈసారి పిన్ని నాకు చెప్పకుండా తనే తెప్పించుకుంది, ఆకుపచ్చ గౌను. ఎప్పటిలాగే నడుం దగ్గర వదులు. బాబాయి టేపు తీసి చంకలో పెట్టుకుని నిలబడ్డాడు.

“అచ్చం పిన్నిలాంటి బొమ్మ ఉంటే మళ్ళీ కొలతలెందుకు బాబాయ్? దాన్ని కొలుచుకో,” అన్నాను.

“నీకెందుకే మధ్యలో!” అని నామీద కసిరింది పిన్ని. వంటింటి గుమ్మం పక్కన ఆయనకి ఎదురుగా నిలబడి, కొలవడానికి వీలుగా రెండు చేతులూ పైకెత్తింది. ఎడమ చెయ్యి గోడమీది పెన్సిలు గీతల గుంపుని దాటి, ఇంకా పైకి వెళ్ళింది. ఆవిడకి ఆ ధ్యాసే లేదు. బాబాయి టేపు సంగతి మర్చిపోయి, చెవిమీదే ఉన్న పెన్సిలు కోసం జేబులన్నీ వెతుక్కున్నాడు.